దవడ పుల్లగా ఉంది

నంద్యాల,
25 ఫిబ్రవరి 2024

గుల్జారూ,

మాట ఇచ్చిన ప్రకారం రాస్తున్నా. బస్సెక్కే ముందు నువ్వేమన్నావు? "అక్కా, ఫోన్లో నీ తెలుగు నీకే అర్థం కాదు, ఉత్తరం రాయి. రాయకపోతే నేను నేర్పిన అక్షరాలకు తుప్పు పడతాది" అన్నావు. నీ కుట్టుమిషను పక్కన కూర్చుని, జాకెట్ల కొలతలు రాసే చీటీల వెనక అ ఆలు దిద్దినదాన్ని. తుప్పు పట్టనిస్తానా?

నీ దుకాణంలోకి సెల్‌ఫోన్లు బాగుచేసే అతను వచ్చాడు. పొద్దున్నుంచి పాటలే. మా బోర్డు మాత్రం అట్లాగే ఉంది, "చీనా పళ్ళ డాక్టరు" అని. కోడలు సుమలత దాన్ని తీసేద్దామంటుంది. "మామ పోయి ఎన్నేండ్లాయ, ఇంకా ఎవురో ఒకరు చెంప పట్టుకోని వస్తానే ఉండారు అత్తా" అంటుంది. వచ్చినవాళ్ళకు డాక్టరు లేడని చెప్పి పంపడం నా పని. కొడుకు జయప్రకాష్ ఉద్యోగం కర్నూల్లో కాబట్టి ఆదివారం తప్ప కనపడడు. ఇంట్లో మేమిద్దరు ఆడవాళ్ళం, ఖాళీగా ఆయన కుర్చీ.

నాకు కొన్నాళ్ళుగా కింది దవడ పుల్లగా ఉంది. రాత్రికి ఎక్కువ. వేడి చేసి ఉంటుంది. ఒంట్లో నిప్పు లేస్తే పంటికే వస్తుందని మా అమ్మ కూడా అనేది. వేడి విషయంలో చీనాకూ నంద్యాలకూ తేడా లేదు, అందుకే ఈ ఊరు నాకు తొందరగా అర్థమైంది. సుమలత పాపం భయపడి ఇంట్లో చింతపండు మానేసింది. చారు తెల్లగా ఉంటుంది.

నువ్వు వెళ్ళిన రోజు బస్సు కదిలాక నాకు ముక్కు పుల్లగా అయింది. ఇంటికొచ్చి పడుకున్నా. జబీనా దగ్గర హాయిగా ఉన్నావా? నీ కూతురు వంట బాగా చేస్తుందని తెలుసు, అయినా నువ్వు వంక పెడుతుంటావని కూడా తెలుసు.

నీ అక్క
సులోచన
(నా అసలు పేరు షూలాన్ అని సంతకం చేద్దామనుకున్నా. నువ్వు పెట్టిన పేరే చేతికి అలవాటైంది.)


ఆళ్లగడ్డ,
4 మార్చి

సులోచనక్కకు గుల్జార్‌బీ సలాములు.

ముక్కు పుల్లగా కావడమేందక్కా? ముక్కుతో చింతకాయ తింటావా? జలుబు చేసి ఉంటుంది. నేను లేను కదా, చన్నీళ్ళతో తల పోసుకుని ఉంటావు.

దవడ సంగతి నాకు తెలుసు. నీ మంచం కింద జాడీలో చింతకాయ తొక్కు ఉంది, సుమలతకు తెలియదేమో, నాకు తెలుసు. అన్నంలో గోలీకాయంత కలుపుకుంటే తొక్కు, నువ్వు కలుపుకునేది కూర. పళ్ళు పులవక ఏమవుతాయి? ముందు ఆ జాడీ బయట పెట్టు. సబ్జా గింజలు నానబెట్టి తాగు. లవంగ నూనె దూదితో అద్దు. వేడి దిగిపోతుంది.

నా పళ్ళకేం? మీ ఆయన లియూ అన్న కట్టిన సెట్టుతో ఈ రోజుకూ జొన్నరొట్టె తింటున్నా. జబీనా నవ్వుతుంది, "అమ్మీ, నువ్వు పోయినా ఆ పళ్ళు పోవు" అని. మున్సిపాలిటీ ఆయన "పన్ను కట్టాలి" అని గడపలో నిలబడితే లియూ అన్న కుర్చీలో కూర్చోబెట్టి "నోరు తెరువప్పా, ఏ పన్ను?" అన్న రోజు గుర్తుందా? ఆ మనిషి నిజంగానే నోరు తెరిచాడు, ఒక పన్ను నిజంగానే పుచ్చి ఉంది. నేను సూది వేలికి గుచ్చుకునేదాకా నవ్వా.

తొక్కు మానినా తగ్గకపోతే ఈడ బస్టాండు దగ్గర దుర్గ అని ఒక పళ్ళ డాక్టరు కొత్తగా ఆసుపత్రి పెట్టింది. చిన్నపిల్ల, మాట మెత్తన. మా అల్లుడు అల్తాఫ్‌కు పన్ను తీస్తే అరవలేదు, అల్తాఫ్ అరవని పని ఈ ప్రపంచంలో అదొక్కటే. నంద్యాలలో అయితే వీధికొకరున్నారు. ఎవరో ఒకరికి చూపించు.

గుల్జార్


నంద్యాల,
20 మార్చి

గుల్జారూ,

రంజాన్ నెల. నువ్వు ఉపవాసంలో ఉండి ఉంటావు, తిట్టవు అనే ధైర్యంతో రాస్తున్నా.

తొక్కు జాడీ ఉగాది దాకా ముట్టనని సుమలతకు ఇచ్చేశా. సబ్జా తాగా. లవంగ నూనె అద్దా. మజ్జిగ, బార్లీ, సోంపు నీళ్ళు, అన్నీ అయినాయి. దవడ ఇంకా పుల్లగానే ఉంది, ఇప్పుడు చెవి దాకా. సుమలత మందుల షాపులో "మా అత్తకు పళ్ళు పులుస్తాండాయంట" అని చెప్పి ఒక టూత్‌పేస్టు తెచ్చింది. ఐస్‌క్రీం తినేవాళ్ళు వాడేది. నేనేం ఐస్‌క్రీం తింటాను?

డాక్టరు మాట ఎత్తకు. డెబ్బై ఏడేళ్ళొచ్చాయి. ఈ వయసులో పళ్ళు పోవడం జబ్బు కాదు, వయసు చేసే పని. మా అమ్మకు అరవైకే ఒక్కటీ లేదు, చిగుళ్ళతో మాంసం తినేది. పైగా కింది వరసలో ఉన్నది, పోయిన పంటి చోట పక్క పళ్ళకు పట్టించి ఆయన చేత్తో కట్టిన బ్రిడ్జి. జయప్రకాష్ పదో తరగతిలో ఉన్నప్పుడు కట్టాడు. కొత్త డాక్టర్లు చూస్తే మొదట అదే కోసేస్తారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మీరే అంటారు కదా.

ఇంకొకటి. నేను ఇంకో డాక్టరు ముందు నోరు తెరిస్తే ఊళ్ళో ఏమంటారు? చీనా పళ్ళ డాక్టరు పెళ్ళానికే పళ్ళు లేవు అంటారు. మా ఇంట్లో కుర్చీ ఉంది, దీపం ఉంది, పట్టకార్లు ఉన్నాయి. ఆయన పన్ను తీస్తుంటే ఎన్నేళ్ళు దీపం పట్టుకున్నాను. పళ్ళ గురించి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఎండ మొదలైంది. వేడే ఇది.

సులోచన


ఆళ్లగడ్డ,
2 ఏప్రిల్

అక్కా,

ఉపవాసంలో కోపం చేయకూడదంటారు. అల్లా మన్నించాలి, చేస్తున్నా.

నువ్వు రాయవు కాబట్టి నిన్న సుమలతకు ఫోన్ చేశా. ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. "ఏం చెప్పేది చిన్నత్తా, గంజి తప్ప ఏం దిగడంల్యా. బుగ్గ ఒక పక్క పొంగింది. అది కనపడకుండా కొంగు కప్పుకోని తిరుగుతాంది. దవాఖానాకు పోదాం రా అంటే తలుపేసుకుంటాది. ఏందత్తా నొప్పా అంటే నొప్పి కాదు, పుల్లగా ఉందంటాది. పుల్లగా ఉంటే బుగ్గెందుకు వాస్తాది?" అంటుంది. నీ కొడుకు ఆదివారం వస్తే నిద్రపోతున్నట్టు గోడవైపు తిరిగి పడుకున్నావంట. బాగుంది.

నాకు రాసిన రెండు ఉత్తరాల్లో వాపు మాట లేదు, గంజి మాట లేదు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత. దీపం పట్టుకున్నానని గొప్ప చెప్పావే, ఆ దీపం పట్టుకున్నప్పుడు వాచిన బుగ్గతో వచ్చినవాళ్ళను లియూ అన్న ఏం చేసేవాడు? సబ్జా గింజలు ఇచ్చి పంపేవాడా? ఒకసారి కొత్తపల్లె నుంచి ఒక రైతు వస్తే ముట్టుకోకుండా కర్నూలు పెద్దాసుపత్రికి పంపాడు, నేనూ ఉన్నా. "ఇది మెడలోకి దిగితే మనిషి పోతాడు" అన్నాడు. ఆ మాట నీకు గుర్తు లేదంటే నేను నమ్మను.

నువ్వు భయపడుతున్నది కోతకు కాదు. ఊళ్ళో ఏమనుకుంటారో అని కూడా కాదు, ఊరిని నువ్వు ఎప్పుడు లెక్క చేశావు? ఇంకేదో ఉంది. రాయి. రాయకపోతే పండుగ నమాజు కాగానే మోకాళ్ళు ఈడ్చుకుంటూనైనా వస్తా, వచ్చి మీ వాకిట్లో నిలబడి నా గొంతు సంగతేందో చూపిస్తా.

గుల్జార్


నంద్యాల,
10 ఏప్రిల్

గుల్జారూ,

నిన్న ఉగాది. సుమలత నా కోసం పచ్చడిలో చింతపండు వేయలేదు. పులుపు లేని ఉగాది పచ్చడి ఎప్పుడైనా తిన్నావా? చేదూ తీపీ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి. నేను ఒక చెంచా మింగా. ఆ పిల్ల నా నోటివైపే చూస్తుంటే బాగుందని చెప్పా.

రాయమన్నావు, రాస్తున్నా. ఇది ఎవరికీ చెప్పలేదు.

కరోనా అనే మాట కొత్తగా వచ్చిన రోజులు. ఇంకా అన్నీ మూయలేదు. అప్పుడే ఈ బ్రిడ్జి కింద మొదలైంది. ఇక్కడే నంద్యాలలో ఒక పళ్ళ ఆసుపత్రికి పోయా, ఒక్కదాన్నే. పేరు రాసే అమ్మాయి నా ముఖం చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "అవ్వా, మీరు చీనావాళ్ళు కదా, బయట మెట్ల మీద కూర్చోండి, పిలుస్తాం" అంది. లోపల బెంచీ మీద ఆయన చేత రెండుసార్లు పళ్ళు కట్టించుకున్న మనిషి ఉన్నాడు. నన్ను చూసి టవలు ముక్కు మీదికి లాక్కుని పక్కకు తిరిగాడు.

నేను నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు కలకత్తాలో ఓడ దిగినదాన్ని. చీనా అంటే నాకు ఓడలో కిరసనాయిలు వాసన, అంతే. పెళ్ళై ఈ ఊరొచ్చాక మళ్ళీ రైలెక్కి ఎక్కడికీ పోలేదు. అయినా మెట్ల మీద కూర్చున్నా. బయట కూర్చోమంటే మావాళ్ళు కూర్చుంటారు గుల్జారూ. అరవై రెండులో చీనాతో యుద్ధమప్పుడు మా నాయన పోలీస్‌స్టేషన్ అరుగు మీద అట్లాగే కూర్చునేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. ఎండ మెట్లెక్కి గోడ మీదికి పోయింది. పిలవలేదు. ముక్కు పుల్లగా అయింది. కాళ్ళు పుల్లగా అయినాయి. ఆ పూట పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు, డాక్టరు దగ్గరికి ఖాళీ కడుపుతో పోవాలని. లేచి ఇంటికొచ్చి, డాక్టరు లేడని సుమలతకు చెప్పా.

కాబట్టి ఏ డాక్టరు గడపా తొక్కను. ఇంకోసారి బయట కూర్చోలేను.

దీనికి నా దారి నేను చూసుకున్నా. వచ్చే ఆదివారం సుమలత వాళ్ళమ్మను చూడటానికి బండి ఆత్మకూరు పోతుంది. జయప్రకాష్ కూడా ఈసారి రాడు. ఇల్లు ఖాళీ. ఆయన పట్టకార్లు తీసి నీళ్ళలో మరిగించి పెట్టుకున్నా. అద్దం తగిలించా. బ్రిడ్జి పట్టుకున్న రెండు పళ్ళూ కదులుతున్నాయి, తీసేస్తే చీము పోతుంది. చేతి వణుకు ఒక్కటే ఇబ్బంది. నువ్వు భయపడకు. పండుగ ముబారక్. సేమ్యా పాయసం తాగాలని ఉంది.

సులోచన


ఆళ్లగడ్డ,
13 ఏప్రిల్, శనివారం

అక్కా,

ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చేది మా అల్తాఫ్. కర్బూజాల బండి తెల్లారేసరికి నంద్యాల మార్కెట్‌లో దించి నేరుగా నీ వాకిట్లోకి వస్తాడు. వాణ్ణి బయట నిలబెట్టకు. లోపల కూర్చోబెట్టి, తర్వాత చదువు.

పట్టకార్ల కోసం వెతకొద్దు. సుమలతకు ఫోన్ చేసి తీయించా. "అత్తకు కోపమొస్తాది" అంది. "కోపం రానీ, ప్రాణముంటేనే కదా కోపమొచ్చేది" అన్నా. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అన్నది సామెత, నువ్వు నిజంగానే రాయి వెతుక్కుంటున్నావు.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. మెట్ల సంగతి చదివి ఆ ఆసుపత్రివాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టా. జబీనా పిల్లలను లోపలికి తీసుకుపోయింది. తర్వాత మళ్ళీ చదివా. మంచినీళ్ళు కూడా తాగలేదని రాశావు. ఏమీ తాగని మనిషికి ముక్కెట్లా పులుస్తుంది, కాళ్ళెట్లా పులుస్తాయి?

అప్పుడు గుర్తొచ్చింది. లియూ అన్నను మట్టిలో పెట్టి వచ్చిన రోజు. నువ్వు ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నావు. కళ్ళల్లో చుక్క లేదు. ఏమక్కా అని వంగితే, "గుల్జారూ, ముక్కు పుల్లగా ఉంది, గుండె పుల్లగా ఉంది" అన్నావు. ఖాళీ కడుపుకు పైత్యం లేచిందనుకున్నా. ఇంటికి పరిగెత్తి బెల్లం గడ్డ తెచ్చి నీ నోట్లో పెట్టా. నువ్వు మింగావు.

మేమూ పళ్ళు పులిశాయంటాం అక్కా, కానీ అది చింతకాయ కొరికితే. నువ్వు ఆ మాటను నొప్పికి వాడుతున్నావు. ఏడుపుకు వాడుతున్నావు. ఇన్నేళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉండి నాకు తెలియలేదు. నువ్వు చచ్చేంత నొప్పి అని చెబుతుంటే సుమలత చింతపండు మానేసింది, నేను తొక్కు జాడీ వెతికా. మందుల షాపువాడు టూత్‌పేస్టు ఇచ్చాడు. ఇంతమందిమి కలిసి నీ దవడను కుళ్ళబెట్టాం.

దుర్గతో మాట్లాడా. ఆదివారమైనా తలుపు తెరుస్తానంది. బయట మెట్లు ఉన్నాయి, నిజమే, నాలుగు. నువ్వు వాటి మీద కూర్చోవు. నా భుజం పట్టుకుని ఎక్కుతావు. లోపల బెంచీ మీద నీ పక్కన నేను కూర్చుంటా, ఎవరైనా టవలు ముక్కుకు పెట్టుకుంటే ఆ టవలు నేను పెరుకుతా. నువ్వు పుల్లగా అన్నప్పుడల్లా నొప్పి అని నేను చెబుతా.

బండిలో కర్బూజా వాసనకు తల తిరుగుతుంది, కిటికీ పక్కన కూర్చో. వాడు బేగా తోలుతాడు, మెల్లగా పోనీమని చెప్పు. రా అక్కా. నాకు భయంగా ఉంది.

గుల్జార్


నంద్యాల,
6 మే

గుల్జారూ,

క్షేమంగా చేరా. బుగ్గ పూర్తిగా దిగింది. ముద్ద పప్పన్నం తింటున్నా. చారులోకి చింతపండు తిరిగి వచ్చింది, సుమలత ఆ రోజు కుండెడు పెట్టింది.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు నన్ను మాట్లాడనివ్వలేదు, నువ్వే మాట్లాడావు. కాబట్టి నీకు తెలియనివి రాస్తా. ఆ ఆదివారం అల్తాఫ్ మా గడప దాటి లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అదొక్కటే ఖాళీగా ఉందని. నీ ఉత్తరం చదివేంత సేపు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ కుర్చీలో ఒక నోరు చూశా. అప్పుడు చెప్పులు వేసుకున్నా.

నువ్వు మధ్యాహ్నం నమాజుకు బయటికి పోయినప్పుడు దుర్గ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "యాడ నొప్పి అవ్వా? నీ మాటలోనే చెప్పు, నాకు తెలియకపోతే అడుగుతా" అంది. బండి ఆత్మకూరు మానుకుని నా వెంట వచ్చిన సుమలత వైపు చూడలేదు, నన్నే చూసింది. నేను మా అమ్మ మాటలో "స్వాన్" అన్నా. ఆయన పోయాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. మా భాషలో పులుపుకూ అదే మాట, ఎముకలో లాగే నొప్పికీ అదే, ఏడుపు ముందు ముక్కులోకి వచ్చేదానికీ అదే. తెలుగులోనూ ఒకే మాట ఉంటుందనుకున్నా. ఎవరూ తప్పని చెప్పలేదు, బెల్లం పెట్టారు. దుర్గ తిరిగి "స్వాన్" అంది. ఆ పిల్ల రాగం తప్పింది, అట్లా అంటే వెల్లుల్లి. నాకు నవ్వొచ్చి నోరు తెరిచా, వెంటనే అద్దం పెట్టేసింది. దొంగపిల్ల.

బ్రిడ్జి కోసి తీసి దూదిలో చుట్టి ఇచ్చింది. కింద అంతా కుళ్ళు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మెడలోకి దిగేదని చెప్పింది. ఆయన పని మంచిదా చెడ్డదా అని అడుగుదామనుకున్నా. నోటినిండా దూది. ఆ పిల్ల మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. "శానా ఏండ్లు మోసింది" అంది. అది చాలనుకున్నా. దాన్ని కుర్చీ పక్క సొరుగులో పెట్టా.

బోర్డు తీయనివ్వలేదు. చెంప పట్టుకుని ఎవరైనా వస్తే ఇప్పుడు లోపలికి పిలుస్తా. కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఎక్కడికి పోవాలో చెబుతా. నిన్న ఆ పాత ఆసుపత్రి మెట్ల ముందు నుంచి నడిచి వచ్చా. కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ సిగ్గే వచ్చేది గుల్జారూ, నిన్న కోపం వచ్చింది. ఇల్లు చేరేదాకా గట్టిగా అడుగులేసుకుంటూ నడిచా.

ఆళ్లగడ్డ బస్టాండులో నువ్వు చెయ్యి ఊపుతున్నప్పుడు తల తిప్పుకున్నానని కోపం పెట్టుకోకు. ఏమయిందో నీకు తెలుసు కదా ఇప్పుడు.

షూలాన్


ఆళ్లగడ్డ,
14 మే

షూలానక్కా,

పేరు సరిగ్గా రాశానా? తప్పైతే కొట్టేసి దిద్ది పంపు, చీటీల మీద నేను నీకు దిద్దినట్టు.

దుర్గ నిన్ను అడిగింది. కొత్త సెట్టు కట్టడానికి ఆషాఢం దాటాక రమ్మంది. అల్తాఫ్ బండి పంపుతా. అప్పటిదాకా రొట్టె జోలికి పోవద్దు.

కోపమేం లేదు. నీ బస్సు మలుపు తిరిగిపోయాక నేను బెంచీ మీద చాలాసేపు కూర్చున్నా. ఇంటికొచ్చాక జబీనా "ఏం అమ్మీ, కాళ్ళు నొప్పా" అంది. కాదన్నా. ముక్కు పుల్లగా ఉందన్నా. ఆ పిల్ల వంటింట్లోకి పోయి బెల్లం తెచ్చింది, నా కూతురే కదా.

తిన్నా అక్కా. తగ్గలేదు. ఆ రోజు నువ్వు ఎట్లా మింగావో.

గుల్జార్